ఎట్టో గట్టెక్కాం: రోమ్ నుంచి వెనిస్ దాకా మా రైళ్ళు, మా తిండి

పోయిన అక్టోబర్లో నేనూ మావారూ తొమ్మిది రోజులు ఇటలీ తిరిగొచ్చాం, రోమ్, ఫ్లోరెన్స్, బొలోన్యా, వెనిస్, ఊరికీ ఊరికీ మధ్య అంతా రైలే. ముందే చెప్పేస్తున్నా, రైళ్ళకి మంచి మార్కులు, నిలబడి తిన్న తిండికి ఫుల్ మార్కులు, తెల్లగుడ్డ పరిచిన టేబుల్ దగ్గర దర్జాగా కూర్చుని తిన్నదానికి మాత్రం... వస్తా ఆ కథకి. ఇంకో మాట, మావారు చికెన్, చేప తప్ప వేరే మాంసం ముట్టరు, నాకు అన్నీ ఓకే, కాబట్టి ఈ రివ్యూ రెండు రకాల నోళ్ళ తరఫున అనుకోండి.

రోమ్‌లో దిగిన రోజే నేర్చుకున్న మాట "ఎట్టో". మన ఎట్టో కాదండీ, వాళ్ళ లెక్కలో ఎట్టో అంటే 100 గ్రాములు. అక్కడ పిజ్జా అల్ తాల్యో అని పెద్ద పెద్ద రేకుల్లో కాల్చిన పిజ్జా ఉంటుంది, ఎంత కావాలో చేత్తో చూపిస్తే కత్తెరతో కచకచా కత్తిరించి, కాటాలో తూచి కాగితంలో చుట్టి ఇస్తారు, రేటు ఎట్టోకి ఇంత అని. బంగాళాదుంప పల్చగా తరిగి రోజ్‌మేరీ వేసి కాల్చింది తిన్నాం, టమాటా లేదు ఏం లేదు, అయినా మర్నాడు మళ్ళీ అక్కడికే పోయాం. కార్బొనారా పాస్తా మావారికి కుదర్లేదు, అందులో వేసేది పంది దవడ మాంసం, చికెన్ వేసి చేస్తారా అని అడిగితే ఆ వెయిటర్ మొహం చూడాలి, ఏదో చావు కబురు విన్నట్టు పెట్టాడు. కాచో ఎ పెపె చెప్పుకోండి, పెకొరీనో చీజు, మిరియాలు, పాస్తా ఉడికిన నీళ్ళు, అంతే సరుకు, మిరియాల ఘాటు నషాళానికి అంటింది. కాఫీ బార్ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే యూరో పైన కొంచెం, అదే కాఫీకి పియాజ్జాలో, అంటే ఊరి చౌకులో, కుర్చీ లాక్కుని కూర్చుంటే మూడింతలు పడింది.

చూసినవాటిలో కొలోసియం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, పెద్దది, జనం, టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకోండి. నాకు పాంథియాన్ నచ్చింది, పాత రోమన్ల గుడి. 2023లో 5 యూరోల టికెట్ పెట్టారు, పెట్టినా పర్లేదు. గోపురం అడ్డంగా 43 మీటర్ల పైచిలుకు, నేల నుంచి పైన కన్నం దాకా ఎత్తూ సరిగ్గా అంతే, ఆ కన్నానికి మూత లేదు. మేం వెళ్ళినప్పుడు వాన పడుతోంది, మధ్యలో తాడు కట్టేస్తే చుట్టూ జనం నిలబడి వాన చూస్తున్నారు, అంత పెద్ద భవనంలో ఒక్క నడిమధ్యన వాన, నేలకి చేసిన చిన్న చిన్న తూముల్లోంచి నీళ్ళు పోతున్నాయి. దాదాపు 1900 ఏళ్ళ కట్టడం, ఆ తూములు ఇంకా పనిచేస్తున్నాయి.

ఇక రైలు. రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి ఫ్లోరెన్స్ స్పీడ్ రైల్లో గంటన్నర, నెల ముందే కొన్నాం కాబట్టి ఇద్దరికీ కలిపి 50 యూరోల లోపే అయింది. సీట్లు బావున్నాయి, శుభ్రంగా ఉంది. తలనొప్పి ఒక్కటే, ప్లాట్‌ఫాం నంబరు బోర్డు మీద చివరి నిమిషాల్లో వేస్తారు, వెయ్యగానే స్టేషన్లో సగం జనం పెట్టెలు ఈడ్చుకుంటూ ఒకే వైపు పరుగు. మీ పెట్టె మీరు మొయ్యగలిగినంతే పెట్టుకోండి, నేను మొయ్యలేనంత పెట్టుకుని తొమ్మిది రోజులూ మాటలు పడ్డా. లోకల్ రైళ్ళకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు మెషీన్లో ముద్ర వేయించాలి, మర్చిపోతే ఫైనే.

ఫ్లోరెన్స్‌లో మాకు సోమవారం కలిసొచ్చింది, అంటే కలిసి రాలేదు. మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా, పెయింటింగులుండే ఉఫిజీ, రెండు మ్యూజియాలకీ సోమవారం సెలవు, అది చూసుకోకుండా ప్లాన్ వేసింది ఎవరో చెప్పను, ఈ రివ్యూ రాస్తున్నావిడే. ఆ రోజు పెద్ద చర్చి మీద బ్రునెలెస్కి కట్టిన గోపురం 463 మెట్లు ఎక్కాం, లిఫ్ట్ లేదు, పైకెళ్ళేకొద్దీ గోడలు మన మీదకి వంగి ఉంటాయి, మావారు మూడుచోట్ల "ఫొటో తీసుకుందాం" అని ఆగారు, ఫోన్ మాత్రం జేబులోంచి తియ్యలేదు. భోజనంలో టస్కనీ, అంటే ఫ్లోరెన్స్ ఉన్న ప్రాంతం, బ్రెడ్డుకి ఉప్పుండదు, చప్పగా ఉంటుంది, అది వాళ్ళ పద్ధతి. కానీ అదే బ్రెడ్డుని చిక్కుళ్ళు, నల్ల క్యాబేజీతో కలిపి మళ్ళీ మరగబెట్టే రిబొల్లీటా ఉంది చూడండీ, సాయంత్రం చలికి రెండు గిన్నెలు లాగించాం. నిన్నటి బ్రెడ్డుతో ఇంత రుచా అనిపించింది.

అసలు వదిలేద్దామనుకున్న ఊరు బొలోన్యా. దారే కదా అని ఒక్క రాత్రి ఆగాం, ఫ్లోరెన్స్ నుంచి 40 నిమిషాలు, అందులో ఎక్కువ భాగం సొరంగాలే, కిటికీలో మన మొహమే చూసుకోవాలి. తొమ్మిది రోజుల్లో బెస్ట్ తిండి ఇక్కడే తిన్నాం. వాన మమ్మల్ని వదల్లేదు గానీ గొడుగు తీసే పనే పడలేదు, ఊరంతా పోర్టికోలు, ఒక్క పాత నగరం లోపలే 38 కిలోమీటర్ల వసారాలు, 2021లో యునెస్కో లిస్టులోకి వచ్చాయి. కొండమీది సాన్ లూకా గుడి దాకా 666 కమానుల కింద నాలుగు కిలోమీటర్లకి కాస్త తక్కువ నడక, చివర్లో ఆయాసం వచ్చింది గానీ తల తడవలేదు. అసినెల్లి టవర్ మాత్రం ఎక్కలేకపోయాం, పక్కనున్న గరిసెండా ఒరిగి ఉంది కదా, అది కూలుతుందేమోనని 2023 నుంచి రెండూ మూసేశారు. దాని బాధ తాల్యతెల్లే అనే రిబ్బన్ లాంటి పాస్తా తీర్చింది. ఉడికాక వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని, అంటే ఆ అసినెల్లి టవర్ ఎత్తులో 12,270వ వంతని, 1972లో ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో బంగారు నమూనాతో సహా నమోదు చేయించిన జనం వీళ్ళు, తిండి అంటే అంత పట్టింపు. దాని మీద వేసే రాగూ అనే మాంసం సాస్‌లో బీఫ్, పోర్క్ ఉంటాయి కాబట్టి అది నా ప్లేటు, మావారికి రికోటా చీజు కూరిన తొర్తెల్లోనీ, వెన్న, సేజ్ ఆకుతో. నాది పక్కనపెట్టి ఆయన ప్లేట్లోకి ఫోర్క్ పెట్టా, ఊరుకున్నారు, మంచి మనిషి.

వెనిస్ రైల్లో మా తప్పు ఒకటి. మెస్త్రే స్టేషన్ రాగానే అందరూ లేచారని మేమూ దిగిపోయాం, తీరా అది అవతలి ఒడ్డు, నీళ్ళ మీద వెనిస్ కావాలంటే సాంతా లూచియా దాకా కూర్చోవాలి. ఇంకో లోకల్ టికెట్ కొనుక్కుని పది నిమిషాలు, అయినా మంచిదే అయింది, నీళ్ళ మధ్య వంతెన మీద మెల్లగా పోయిన ఆ రైలే ట్రిప్ మొత్తంలో అందమైన రైలు.

కాలువల్లో తెడ్డేసి తిప్పే గొండోలా పడవ అరగంటకి 90 యూరోలు, ప్రభుత్వ రేటే, రాత్రి ఏడు దాటితే ఇంకా ఎక్కువ. వద్దులే అని పొదుపు చేసి, ఆ మిగిలిన డబ్బుతో ఒక కాలువ పక్క రెస్టారెంట్‌కి వెళ్ళాం, పేరు చెప్పను. మెనూలో బ్రాంజీనో చేప 7 యూరోలు అని ఉంది, మావారు పొంగిపోయి చెప్పేశారు, నేనూ వారించలేదు. బిల్లులో చేప 56. ఇదేంటని అడిగితే మెనూలో చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు, ఎట్టో. చేప 800 గ్రాములు! రోమ్‌లో మొదటిరోజే నేర్చుకున్న మాటే కదా. నా స్పగెట్టీ 18, ఉడకబెట్టిన బంగాళాదుంపలు 7, నీళ్ళు 5, కూర్చున్నందుకు కొపెర్తో 6, మొత్తం 92. గొండోలా ఎక్కుంటే రెండు యూరోలు మిగిలేవి. చేప బాగుంది, అది వేరే సంగతి.

మర్నాడు 1వ నంబర్ వాపొరెట్టో, అంటే నీళ్ళ మీది బస్సు, ఎక్కాం, 9.50 టికెట్, గ్రాండ్ కెనాల్ మొత్తం చూపిస్తుంది, ముందు వైపు సీటు దొరికితే వదలకండి. రియాల్తోలో దిగి బాకరో అనే చిన్న కొట్లో నిలబడి చికెట్టీ తిన్నాం, చిన్న బ్రెడ్డు ముక్క మీద రకరకాలుగా పేర్చి ఇస్తారు, ఉల్లిపాయలు, వెనిగర్, ఎండుద్రాక్ష వేసి ఊరబెట్టిన సార్డిన్ చేపలది అదిరింది. మావారు మాత్రం చెయ్యి పెట్టే ముందు కౌంటర్ వెనకున్నావిణ్ణి ఒకటే అడిగారు, "ఎట్టో?" ఆవిడ పకపకా నవ్వి, కాదు, ముక్కకి రెండు యూరోలు అని వేళ్ళు చూపించాక అప్పుడు తిన్నారు, ఏడు.