పర్లాకిమిడి లాడ్జిలో అర్ధరాత్రి ఫైనల్: బరంపురం నుంచి కొండదారిన

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఫైనల్ 2025 మే 31న జర్మనీలోని మ్యూనిక్ నగరంలో, అలియాంజ్ అరీనాలో జరిగింది. అక్కడ రాత్రి తొమ్మిది గంటలకు మొదలైన ఆట మనకు అర్ధరాత్రి పన్నెండున్నరకు, అంటే జూన్ 1వ తేదీన మొదలైంది. సెలవులు అయిపోయేలోగా ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాలు చుట్టి రావాలని మేము పెట్టుకున్న రోజులు సరిగ్గా ఆ తేదీ మీదే పడ్డాయి. నేను, మా బావగారు, ఆయన కొడుకు బయలుదేరాము. మా మేనల్లుడు ఆ ఫైనల్ ఆడుతున్న ఇటలీ జట్టు ఇంటర్ మిలాన్‌కు అభిమాని; ఆట చూపించే ఊళ్లోనే ఆ రాత్రి బస చేయాలని అతడు ముందే షరతు పెట్టాడు. అందువల్ల ప్రతి ఊరినీ, ప్రతి వసతినీ అందంతోపాటు ఇంకొక లెక్కతో కూడా చూడవలసి వచ్చింది: రాత్రి రెండున్నర దాకా అక్కడ టీవీ నడుస్తుందా?

ఆ లెక్క తేలికైనదేమీ కాదు. ఆ ఏడు ఋతుపవనాలు ముందే వచ్చి మే 24నే కేరళను తాకాయి, నెలాఖరుకు మా వైపు కూడా మబ్బులు దిగాయి. ఒడిశా తీరంలో సాయంత్రం గాలివాన లేస్తే కరెంటు పోవడం మామూలే. వసతి గృహాలలో జనరేటరు ఉందా అని అడిగితే అందరూ ఉందనే చెబుతారు. దాని మీద ఫ్యాను, లైటు మాత్రమే నడుస్తాయా, గదిలోని టీవీ కూడా నడుస్తుందా అని విడిగా అడిగితేనే అసలు సంగతి బయటికి వస్తుంది. టీవీ నడిచినా చాలదు. మన దేశంలో ఈ పోటీని చూపించేది సోనీ స్పోర్ట్స్ చానెళ్లు కాబట్టి ఆ ప్యాకేజీ అక్కడ తీసుకున్నారో లేదో కూడా చూసుకోవాలి.

మొదటి మజిలీ గోపాల్‌పూర్. బరంపురం నుంచి పదిహేను కిలోమీటర్ల దూరమే కాబట్టి మాకు కొత్త ఊరు కాదు. పాత ఓడరేవు నాటి శిథిలాలు, దీపస్తంభం, పొద్దున్నే పడవల నుంచి దిగే చేపలు ఎప్పుడు చూసినా బాగుంటాయి. పూరీలో ఉండేంత జనం ఇక్కడ ఉండరు కాబట్టి పిల్లలతో వెళ్లేవారికి దీన్నే సిఫారసు చేస్తాను, అయితే ఇక్కడి కెరటాలలో స్నానానికి దిగడం మాత్రం మంచిది కాదు. వసతి విషయానికి వస్తే, సముద్రానికి ఎదురుగా మేము దిగిన ఒక హోటలులో గాలీ వెలుతురూ పుష్కలంగా ఉన్నాయి గాని, పడిన ధరకు తగిన శుభ్రత లేదు. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, టీవీలో భక్తి చానెళ్లు, ఒడియా వార్తలు తప్ప క్రీడల చానెలు ఒక్కటీ రాలేదు. అడిగితే "సీజనులో వేయిస్తాం" అన్నారు. మే నెల వాళ్లకు సీజను కాదేమో! వంట మాత్రం మెచ్చుకోవలసిందే. ఆవ పెట్టి వండిన చేపల కూర కోసం మా బావగారు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

అక్కడి నుంచి తప్తపాణి మీదుగా కొండదారి పట్టాము. గంధకపు వేడినీటి ఊట, దాని పక్కన గుడి, చుట్టూ అడవి. గంటసేపు ఆగడానికి చక్కని చోటు. రాత్రి బసకు కూడా బాగానే ఉంటుంది గాని, మా ఫోన్లలో సిగ్నల్ ఒక గీత దాటి పెరగలేదు. ఆట చూడవలసిన రాత్రికి ఇది పనికిరాదని వెంటనే తేలిపోయింది.

మోహనా దాటాక చంద్రగిరి దగ్గర జిరంగ్ గ్రామంలోని పద్మసంభవ మహావిహారం ఈ యాత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు. 1960ల్లో ఇక్కడికి వచ్చి స్థిరపడిన టిబెటన్లు చుట్టూ మొక్కజొన్న పండిస్తూ, ఆ కొండల మధ్య ఇంత పెద్ద విహారం కట్టుకున్నారు. 2010లో దలైలామా దాన్ని ప్రారంభించారు. లోపల బుద్ధ విగ్రహం ముందు కూర్చుంటే లేవబుద్ధి కాదు. బయట చిన్న భిక్షువులు కొందరు పైబట్టలు నడుముకు చుట్టుకుని బంతి తన్నుతున్నారు. మా మేనల్లుడు పావుగంటసేపు వాళ్లలో కలిసిపోయి, "మావయ్యా, ఇక్కడే ఉండిపోదామా?" అన్నాడు. ఆ రోజు అక్కడ గది దొరకలేదు. పెద్ద పూజల రోజులలో తప్ప ముందుగా చెప్పుకుంటే దొరుకుతుందన్నారు. మోమోలు మాత్రం తినకుండా రాకండి.

అలా దిగుతూ దిగుతూ సాయంత్రానికి పర్లాకిమిడి చేరాము. ఆర్. ఉదయగిరి మీదుగా వచ్చే ఆ దారి మలుపులు ఎక్కువ, వానలో మెల్లగా నడపాలి. పర్లాకిమిడి గురించి మన తెలుగువారికి కొత్తగా చెప్పేదేముంది! 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఊరు అటు వెళ్లింది, జమీందారీలో కొంత భాగం ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. బజారులో బేరం మాత్రం నేటికీ తెలుగులో సాగుతుంది. మహేంద్రతనయ నది, గజపతుల రాజభవనం, కొమ్ముతో చేసే కొంగలూ దువ్వెనలూ చూడదగ్గవి. కొమ్ము వస్తువులు కొనేవారు పెద్ద దుకాణాలలో కాక, చేసేవారి ఇళ్ల దగ్గరే అడిగితే ధర కలిసివస్తుంది.

బస్టాండు దగ్గర ఒక మామూలు లాడ్జిలో గది తీసుకున్నాము. గోపాల్‌పూర్‌లో ఇచ్చినదానిలో సగం కంటే తక్కువే తీసుకున్నారు. గోడలకు రంగు వేసి ఎన్నేళ్లయిందో గాని పరుపు గట్టిగా, స్నానాలగది పొడిగా ఉన్నాయి, ఇన్వర్టరు మీద టీవీ నడిచింది, క్రీడల చానెలు వచ్చింది. గేటు పదకొండింటికి వేసేస్తారు కాబట్టి టీ ఫ్లాస్కు, మిక్చరు ముందే తెచ్చుకున్నాము. మేనేజరు పెద్దాయన సంగతి విని, "టీవీ మీ ఇష్టం బాబూ, గోలు పడితే మాత్రం కేకలు వెయ్యకండి, పక్క గదుల్లో పెళ్లివారు పడుకున్నారు" అన్నాడు.

ఆయన భయపడవలసిన అవసరమే రాలేదు, ఎందుకంటే మా గదిలో కేకలు వేసే పక్షానికి ఒక్క గోలూ పడలేదు. సెమీఫైనల్‌లో బార్సిలోనాను రెండు ఆటలూ కలిపి 7-6తో ఓడించి వచ్చిన ఇంటర్, ఆ పోరులోనే శక్తినంతా ఖర్చు చేసినట్టు కనిపించింది. 12వ నిమిషంలో అష్రఫ్ హకీమీ ఎదుటి జట్టు పీఎస్‌జీకి (పారిస్ సేంట్ జర్మేన్) తొలి గోలు కొట్టి, ఇంటర్ ఒకప్పుడు తాను ఆడిన జట్టు కావడంతో సంబరం చేసుకోకుండా చేతులెత్తి క్షమాపణ చెప్పుకున్నాడు. 20వ నిమిషంలో పంతొమ్మిదేళ్ల దెజిరే దూయే కొట్టిన బంతి ఇంటర్ ఆటగాడు డిమార్కోకు తగిలి దిశ మారి గోలులో పడింది. విరామంలో కరెంటు పోయింది, ఇన్వర్టరు అందుకుంది. నేను వసతికి పెట్టిన పరీక్షలో ఆ లాడ్జి నెగ్గిన క్షణం అదే. తరువాత 63వ నిమిషంలో దూయే మళ్లీ, 73లో క్వారత్‌స్ఖేలియా, 86లో మయూలూ. 5-0. ఈ పోటీ ఫైనళ్ల చరిత్రలో ఇంత తేడాతో ఎవరూ గెలవలేదు. పీఎస్‌జీకి ఇది మొదటి కప్పు. దీనికి ముందు ఈ కప్పు గెలిచిన ఫ్రాన్సు జట్టు మార్సేయ్ ఒక్కటే, అదీ 1993లో ఇదే మ్యూనిక్ నగరంలో, మిలాన్ నగరానికే చెందిన ఏసీ మిలాన్ మీద. ఈ మాట చెప్పి మేనల్లుణ్ణి ఓదార్చబోతే, అతడు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆటగా చూస్తే ఫైనల్‌లో ఉండవలసిన ఉత్కంఠ మొదటి ఇరవై నిమిషాలకే తీరిపోయిందని ఒప్పుకోవాలి, కాని పీఎస్‌జీ కుర్రవాళ్లు బంతి పోయిన మరుక్షణం నలుగురేసి మీద పడి లాక్కున్న తీరు నిద్ర మానుకుని చూడదగ్గదే.

మరునాడు బావగారు గుణుపురం నుంచి వచ్చే విశాఖ పాసింజరు ఎక్కి వెళ్లిపోయారు. 1900లో సన్నపట్టాల బండిగా మొదలైన ఈ నౌపడా లైను 2011లో పెద్ద పట్టాలకు మారింది. కిటికీ పక్క సీటు దొరికితే పొలాల మధ్య నుంచి సాగే చవకైన, తీరికైన ప్రయాణం అది.

2026కు ఈ లెక్కలన్నీ మారాయి. ఆ ఏటి ఫైనల్‌ను బుడాపెస్ట్‌లో మే 30న, అక్కడి సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టాలని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఫా నిర్ణయించింది. మనకు రాత్రి తొమ్మిదిన్నర. అదనపు సమయం, పెనాల్టీలు వచ్చినా పన్నెండున్నరలోగా ముగుస్తుంది కాబట్టి జిరంగ్ విహారాన్ని తీరికగా చూసుకుని కూడా చీకటి పడేలోగా పర్లాకిమిడిలో దిగవచ్చు. గేటు పదకొండింటికే పడుతుందన్నది మాత్రం మరచిపోకుండా, గది ముందుగా చెప్పి ఉంచుకోండి.