బురుజుపేట, సింహాచలం సగం రోజు టూర్: నేను చెప్పలేకపోయింది మాస్టారు చెప్పారు

మాఘమాసంలో మా అబ్బాయి పెళ్లయింది. వాడితో పాటు జర్మనీలో పనిచేసే ఒక జర్మన్ అమ్మాయి పెళ్లికొచ్చి పది రోజులు విశాఖ గోపాలపట్నంలో మా ఇంట్లోనే ఉంది. ఆ అమ్మాయిని తీసుకుని ఒకే వారంలో రెండు టూర్లకి వెళ్లాను. మొదటిది వేరేవాళ్లది, పేరు రాయను. రెండోది ఇది. దీనికి ఐదు స్టార్లు ఇస్తున్నాను. ఎందుకిచ్చానో కాస్త వివరంగా రాయాలి.

మొదటి టూర్లో ఏసీ వ్యాన్, మంచి సీట్లు, కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో ఒక గుడి ముందు వ్యాన్ ఆపి గైడ్ ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. హిందువులకి ముప్పై మూడు కోట్ల దేవుళ్లట, రాయి కనబడితే చాలు మొక్కేస్తారట, ఆవూ పామూ కోతీ అన్నీ దేవుళ్లేనట. వ్యాన్‌లో అందరూ నవ్వారు. అతనూ తెలుగువాడే, నుదుట బొట్టు కూడా ఉంది. మా జర్మన్ అమ్మాయి నవ్వలేదు. నా వైపు తిరిగి "నిజమేనా ఆంటీ?" అని మెల్లగా అడిగింది. నలభై ఏళ్లుగా రోజూ దీపం పెడుతున్నదాన్ని, ఒక్క మాట నోట్లోంచి రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అతను అన్నదానికంటే నా దగ్గర జవాబు లేకపోవడమే ఎక్కువ బాధపెట్టింది.

పక్కింటి ఆవిడ ఈ టూర్ గురించి చెబితే మర్నాడే ఫోన్ చేశాను. నడిపేది రిటైరైన హైస్కూల్ సోషల్ మాస్టారు. మనిషికి 700 రూపాయలు, కారు ఖర్చు అందులోనే. ఆరుగురికి మించి తీసుకెళ్లరు. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే పన్నెండున్నరకి ఇంటి దగ్గర దింపేశారు.

ముందు వన్ టౌన్‌లోని బురుజుపేట వెళ్లాం. కనకమహాలక్ష్మి అమ్మవారి గురించి విశాఖవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ బయటివాళ్ల కళ్లతో చూస్తే ఆ గుడిలో ఎన్ని జవాబులున్నాయో నాకు ఆ రోజే తెలిసింది. అమ్మవారి ఎడమ చెయ్యి విరిగి ఉంటుంది. విరిగిన విగ్రహాన్ని పూజించకూడదంటారు కదా, మరి ఇక్కడి జనం ఆమెని వదులుకోలేదు. గర్భగుడికి పైకప్పు లేదు. ఎవరైనా సరే దగ్గరికి వెళ్లి తమ చేత్తోనే పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు, మధ్యలో పూజారి ఉండాలని లేదు. మాస్టారు ఇదంతా చెబుతుంటే మా ముందు చేపల బుట్ట పక్కన పెట్టి ఒక ముసలావిడ అమ్మవారి పాదాలకి పసుపు రాస్తోంది. మా అమ్మాయి చాలాసేపు ఆవిడనే చూస్తూ నిలబడిపోయింది.

అక్కడే ఒక కిరాణా కొట్టు గడప మీద స్వస్తిక్ కనబడింది. పెళ్లికి ముందు మా గడపకి పసుపు రాసి నేను అదే గుర్తు వేస్తుంటే మా అమ్మాయి మొహం పాలిపోయింది. వాళ్ల దేశంలో నాజీల గుర్తుని బయట ప్రదర్శిస్తే నేరం మరి. మాస్టారు ఆమె భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేదు. ఆ గుర్తు కింద లక్షల మంది చనిపోయారని, ఆమెకి భయం వేయడం సబబేనని ముందు ఒప్పుకున్నారు. తర్వాత అసలు సంగతికి వచ్చారు. నాజీ పార్టీ దాన్ని జెండా మీద పెట్టుకుంది 1920లో. జర్మన్లు దాన్ని పిలిచేది కూడా స్వస్తిక్ అని కాదు, 'హాకెన్‌క్రాయిట్స్' అని, అంటే కొక్కేల శిలువ. మనది 'స్వస్తి', మంచి జరగాలని కోరే మాట. బౌద్ధులూ జైనులూ కూడా వేల ఏళ్లుగా దాన్నే వేసుకుంటున్నారు. అంతా విని మా అమ్మాయి ఆ గడప ఫోటో తీసుకుంది.

అక్కణ్నుంచి సింహాచలం కొండెక్కేటప్పుడు కారులో ముప్పై మూడు కోట్ల ప్రశ్న తనే అడిగింది. కోటి అంటే రకం అని వాట్సాప్‌లో తిరిగే జవాబు ఉంది కదా, మాస్టారు అదే చెబుతారనుకున్నాను. ఆయన నేరుగా బృహదారణ్యకోపనిషత్తులోకి వెళ్లారు. అందులో దేవతలు ఎందరని శాకల్యుడనే పండితుడు యాజ్ఞవల్క్య ఋషిని అడుగుతాడు. మూడు వేల మూడు వందల ఆరు అంటాడు ఆయన. సరేగానీ ఎందరు అని మళ్లీ అడిగితే ముప్పై మూడు. ఇంకా అడిగితే ఆరు, మూడు, రెండు, ఒకటిన్నర, చివరికి ఒకటి. ముప్పై మూడు ఎవరంటే ఎనిమిది మంది వసువులు, పదకొండు మంది రుద్రులు, పన్నెండు మంది ఆదిత్యులు, ఇంద్రుడు, ప్రజాపతి. ఎక్కువ మంది ఉన్నారన్నా ఒక్కరే అన్నా ఆ సంభాషణలో రెండూ ఉన్నాయి. ఇంత పాత పుస్తకంలో ఈ ప్రశ్న మనవాళ్లే వేసుకున్నారని నాకు ఈ వయసులో తెలిసింది.

రాయిని పూజించడం గురించి అడిగినప్పుడు మాస్టారు నన్ను చూపించారు. "మొన్న పెళ్లిలో పసుపు గణపతిని చేశారు కదమ్మా, ఎలా చేశారో మీరే చెప్పండి" అన్నారు. చిటికెడు పసుపులో నీళ్లు కలిపి, ముద్ద చేసి తమలపాకు మీద పెడతాం. ఆవాహన చేస్తే వినాయకుడు. పూజయ్యాక ఉద్వాసన చెప్పి కాస్త పక్కకి జరిపితే మళ్లీ పసుపే. ఇలా చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పెళ్లి పీటల దగ్గర మా అమ్మాయి ఇదంతా పక్కనే కూర్చుని చూసింది, అర్థం మాత్రం ఇప్పుడు తెలిసిందంది. దేవుడు ఆ పసుపులోనే ఉన్నాడని మేం అనుకోం, రమ్మని పిలిస్తే వస్తాడని అనుకుంటాం అని చెప్పాను. మాస్టారు ఒక్క ముక్క కలపలేదు, తల ఊపారంతే.

ఇక అప్పన్న సన్నిధి, అంటే సింహాచలం నరసింహస్వామి గుడి. ఏడాదంతా స్వామి చందనం కిందే ఉంటాడు. అసలు రూపం కనబడేది వైశాఖ శుద్ధ తదియ నాడు, చందనోత్సవం ఒక్క రోజే. కనబడని రూపానికే ఉత్తరాంధ్ర మొక్కుతుంది, పిల్లలకి అప్పన్న అనీ సింహాచలం అనీ పేర్లు పెట్టుకుంటుంది. శాసనాల దగ్గర మాస్టారు చాలాసేపు ఆగారు. ఇక్కడ దొరికిన వాటిలో 1098 నాటి కుళోత్తుంగ చోళుడి కాలపు శాసనం ఉంది. 13వ శతాబ్దంలో తూర్పు గాంగులు గుడిని పెద్దది చేశారు. శ్రీకృష్ణదేవరాయలు గజపతిని ఓడించి 1516లో ఇక్కడికొచ్చి, శత్రువు కొలిచే ఆ స్వామికే కానుకలిచ్చి శాసనం వేయించాడు.

ఒకచోట మాత్రం నాకు టెన్షన్ వచ్చింది. గుడిలోకి అందరినీ రానిస్తారా అని మా అమ్మాయి అడిగింది. ఇప్పుడు రానిస్తారు, ఒకప్పుడు రానివ్వలేదు అన్నారు మాస్టారు. అంటరానితనం ఉండేదని, దళితుల్ని గుడి బయటే నిలబెట్టారని, అది పాపమని స్పష్టంగా చెప్పారు. మనం మద్రాసు ప్రాంతంలో ఉన్నప్పుడు 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చిందని, దానికోసం పోరాడినవాళ్లలో ఎందరో హిందువులు ఉన్నారని కూడా చెప్పారు. పరాయి దేశం పిల్ల ముందు ఇవన్నీ ఎందుకని అప్పుడు నాకు అనిపించింది. కానీ తిరిగొచ్చేటప్పుడు ఆ అమ్మాయి ఒక మాట అంది: "ఆయన తప్పుని దాచలేదు, అందుకే మిగతాది కూడా నమ్మాను." మొదటి గైడ్ ఎగతాళికి పడాల్సిన జవాబు ఇదేనని నాకు అర్థమైంది. మన ధర్మం గురించి అన్యాయంగా మాట్లాడినప్పుడు నొచ్చుకుని ఊరుకోవడం కానీ, మనలో ఏ తప్పూ లేదని గట్టిగా అరవడం కానీ నాకు ఇక చేతకాదు.

లోపాలు లేకపోలేదు. మాస్టారి ఇంగ్లీషు నెమ్మదిగా ఉంటుంది, ఓపిక పట్టాలి. శాసనాల దగ్గర అరగంట ఎండలో నిలబడాల్సి వచ్చింది, గొడుగు తీసుకెళ్లండి. టిఫినుకి ఆగరు, ఇంట్లో తిని వెళ్లడం మంచిది. పులిహోర ప్రసాదం దొరికేదాకా నా ప్రాణం పోయింది. మోకాళ్ల నొప్పులుంటే ముందే చెప్పండి, ఎక్కువ నడిపించరు. దిగేటప్పుడు సంపెంగ పూలు కొనుక్కోవడానికి కారు ఆపమంటే ఆపుతారు. మార్గశిర గురువారాల్లో బురుజుపేటలో ఇసకేస్తే రాలని జనం కాబట్టి ఆ రోజుల్లో టూర్ పెట్టరు, చందనోత్సవం వారంలో కూడా ఉండదు.

వచ్చే నెల మా ఆడపడుచు కూతుళ్లిద్దరికీ బుక్ చేశాను. పెద్దది హాస్టల్లో ఇవే ప్రశ్నలు విని ఏడ్చి వచ్చింది. అడగాలనుకున్నవన్నీ కాగితం మీద రాసుకు రమ్మన్నారు మాస్టారు. దాని కాగితం ఇప్పటికే రెండు పేజీలయింది.