క్లాక్ టవర్ దగ్గరి వాచీల దుకాణం: నాలుగు నెలలు వాడి చూశాక

మేము పదిమంది మిత్రులం పొద్దున్నే ఆ రోజు చేతికి పెట్టుకున్న గడియారాన్ని ఫొటో తీసి ఒకరికొకరం పంపుకొంటాం. నాలుగు నెలలుగా నా వంతులో వారానికి నాలుగైదు రోజులు నాన్నగారి హెచ్‌ఎంటీ జనతానే ఉంటున్నది. అంతకుముందు పన్నెండేళ్లు అది బీరువాలో చీరల కింద పడి ఉన్నది. దానిని మళ్లీ నడిపించింది నల్లగొండ క్లాక్ టవర్ సెంటరు దగ్గరి సందులో, ఒకరు కూర్చుంటే రెండో మనిషి బయటే నిలబడవలసినంత చిన్న మరమ్మతు దుకాణం.

ఇక్కడికి రాకముందు దానిని హైదరాబాదులో ఒక పెద్ద షోరూముకు తీసుకెళ్లాను. అక్కడి వారు మూత కూడా తీయకుండానే విడిభాగాలు దొరకవని, లోపలి మిషను తీసేసి బ్యాటరీ మిషను వేయించుకోమని సలహా ఇచ్చారు. విడిభాగాల మాటలో కొంత నిజమున్నది. హెచ్‌ఎంటీ గడియారాల తయారీ 1961లో జపాను సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో మొదలైంది, ఆ గడియారాల కంపెనీ హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అయితే ఈ దుకాణాదారు సొరుగు నిండా ఆగిపోయిన పాత గడియారాలు దాచుకున్నారు, కావలసిన చక్రమో మరో భాగమో వాటిలోనే వెతుకుతారు.

నా గడియారం అప్పటికి ఆగిపోలేదు, కీ ఇస్తే రోజుకు ఇరవై నిమిషాలు ముందుకు పరుగెత్తేది. ఆయన దానిని చెవి దగ్గర పెట్టుకొని విని, సొరుగులోంచి చిన్న దిక్సూచి తీసి పక్కన పెట్టారు. దిక్సూచి ముల్లు గడియారం వైపు తిరిగి వణికింది. "దీనికి పెద్ద రోగమేం లేదు సార్, అయస్కాంతం పట్టుకున్నది" అన్నారు. గడియారం వేగాన్ని అదుపులో ఉంచే, వెంట్రుక అంత సన్నని హెయిర్ స్ప్రింగు చుట్లు అయస్కాంతం వల్ల ఒకదానికొకటి అంటుకుంటే, స్ప్రింగు పొట్టిదైనట్టే లెక్క. అప్పుడు ఆ స్ప్రింగుతో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఉండవలసినదానికన్నా తొందరగా ఊగి, కాలం ముందుకు పోతుంది. బీరువాలోంచి తీసిన వారం రోజులూ నేను దానిని టీవీ స్పీకరు మీద పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అయస్కాంతాన్ని వదిలించే, తీగచుట్ట ఉన్న చిన్న డబ్బా మీద ఆయన గడియారాన్ని ఉంచి, మీట నొక్కి, మెల్లగా పైకెత్తి దూరం జరిపారు. రెండోసారి దిక్సూచి కదలలేదు.

అంతటితో సరిపెట్టకుండా, ఎండి జిగురైన పాత నూనె మీద నడిపిస్తే ఇరుసులు అరిగిపోతాయని చెప్పి, మొత్తం విప్పి కడిగి కొత్త నూనె వేశారు. సెకనుకు ఐదుసార్లు కొట్టుకొనే, అరుగుదల తగ్గించే పదిహేడు చిన్న రాళ్లు పొదిగిన ఈ మిషను ఇప్పుడు రోజుకు పది, పదిహేను సెకన్లు మాత్రమే ముందుంటున్నది. యాభై ఏళ్లకు దగ్గరపడిన గడియారానికి అంతకన్నా ఆశించడం అత్యాశ. పొద్దున చాయ్ తాగుతూ కీ ఇస్తే మరునాడు పొద్దుటికి కూడా నడుస్తూనే ఉంటుంది. డయలును మాత్రం ఆయన ముట్టుకోలేదు. రంగు వేయించమని నేనే అడిగితే, మళ్లీ రంగు పూసిన డయలుకు విలువ పోతుందని వారించారు. అక్షరాలు అలుక్కుపోయి, నిమిషాల గీతలు వంకర పోయిన కొత్త రంగు డయళ్లను ఆన్‌లైన్లో చూసినప్పుడల్లా ఆ మాట ఎంత సరైనదో తెలుస్తున్నది.

తీసుకున్నది ఆరు వందల యాభై రూపాయలు. పనికి అది తక్కువే. అయితే ఇస్తామన్న రోజుకు ఇవ్వడం ఈ దుకాణంలో లేదు. "రేపు రండి" అన్న మాట మూడుసార్లు విన్నాను, మిర్యాలగూడ నుంచి వచ్చి వెళ్లేవారికి అది చిన్న ఇబ్బంది కాదు. చీటీ ఇవ్వరు, ఏ గడియారం ఎవరిదో అంతా ఆయన జ్ఞాపకంలోనే ఉంటుంది. నీటి పరీక్ష చేసే యంత్రం లేదు కనుక, వానలో తిరిగే పనులకు ఈ గడియారాన్ని వాడవద్దని ఆయనే చెబుతారు. అలాంటి రోజుల్లో నేను కాసియో ఎఫ్-91డబ్ల్యూ అనే డిజిటల్ గడియారం పెట్టుకుంటాను. ఇక మన ఎండలకు తోలు పట్టా చెమటకు రెండు నెలల్లోనే కంపు కొడుతుంది కాబట్టి, అక్కడే దొరికే నైలాను పట్టా తీసుకోవడం మేలు.

వచ్చే వారం మా బావ గారి హెచ్‌ఎంటీ పైలట్‌ను కూడా ఇక్కడే ఇస్తున్నాను. ఈసారి చీటీ నేనే రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకుంటాను.