సాంబమసూరా, వెయ్యి పదా? సుడిదోమ వచ్చే వరి కయ్యకు ఏది మేలు?

శ్రీకాళహస్తి పక్కన మా అత్తగారి ఊళ్లో నారు పోసే ముందు ప్రతి ఏడూ ఒకటే పంచాయితీ. మామ సాంబమసూరి, అంటే బీపీటీ 5204 అంటాడు. బావమరిది వెయ్యి పది, అంటే ఎంటీయూ 1010 అంటాడు. నేను వ్యవసాయం చదువుకున్నానని తీర్పు నా నెత్తిన పెడతారు. ఏం చెప్పినా ఇద్దరిలో ఒకరు అలగడం ఖాయం.

మామ మాటను తీసేయలేం. 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 అన్నానికి ఉన్న పేరే వేరు. మిల్లువాళ్లు ముందు అడిగేది అదే, నాలుగు రూపాయలు ఎక్కువ పలికేదీ అదే. కానీ చేతికి రావడానికి దాదాపు 150 రోజులు కావాలి. సుడిదోమ, అంటే వరి మొదట్లో చేరి రసం పీల్చే గోధుమరంగు పురుగు, వస్తే అస్సలు ఓర్చుకోదు.

ఒక ఏడు కళ్లారా చూశాను. పొట్ట మీదున్న పైరు మధ్యలో చాప పరిచినంత మేర ఎండింది. నాలుగు రోజులకు అది కళ్లమంత అయింది. చుట్టూ మాత్రం పచ్చగానే ఉంది. ఒక దుబ్బును వంచి చూస్తే నీటికి కాస్త పైన, మొదళ్ల నిండా గోధుమరంగు దోమలు. తట్టితే నీళ్లలో రాలి, తేలుతూ పోయి పక్క దుబ్బు ఎక్కేశాయి.

‘మందు ఉంది కదా’ అన్నాడు మామ. ఉంది. కొట్టారు కూడా. గట్టు మీద నిలబడి పైపైన కొడితే ఆకులు తడిశాయి తప్ప మొదట్లో ఉన్న దోమకు చుక్క అందలేదు. డ్రోన్‌తో కొట్టించినా పైరు గుబురుగా ఉంటే ఇదే ఇబ్బంది. పైగా దుకాణంలో చేతికిచ్చింది సింథటిక్ పైరిత్రాయిడ్, అంటే మంచి పురుగనీ చెడ్డ పురుగనీ చూడకుండా చంపే రకం మందు. అది దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను ముందు చంపింది. దోమ గుడ్లేమో ఆకు తొడుగు లోపల భద్రంగా ఉన్నాయి. అవి పొదిగేసరికి అడ్డే లేదు, దోమ రెండింతలైంది. ఇలాంటి దెబ్బలు తిన్నాకే ఇండోనేషియా 1986లో వరిలో 57 రకాల మందులను వద్దంది.

ఇక వెయ్యి పది. కృష్ణవేణిని ఐఆర్ 64తో కలిపి మారుటేరులో తీసిన రకం. 120 రోజుల్లో కోతకొస్తుంది. దోమను బాగానే ఓర్చుకుంటుంది. ఓర్చుకోవడమంటే దోమ రాదని కాదు. వచ్చినా పైరు ఒక్కసారిగా పడిపోదు, మనకు చూసుకునే వ్యవధి ఇస్తుంది. కొన్ని రకాలు ఇంకా గట్టివి. దోమ సూది గుచ్చి రసం పీల్చే గొట్టాన్ని మొక్కే లోపల మూసేస్తుంది. 2009లో చైనా శాస్త్రవేత్తలు బయటపెట్టిన బీపీహెచ్ 14 జన్యువు చేసే పని అదే. దాన్ని అడవి వరి నుంచి తెచ్చారు.

అయితే బావమరిది అనుకున్నట్టు ఇది ఒకసారి వేస్తే ఎప్పటికీ ఉండే రక్షణ కాదు. 1973లో ఫిలిప్పీన్స్‌లో ఐఆర్ 26 వచ్చింది. దానికి ఉన్న ఒక్క జన్యువును దోమ రెండు మూడేళ్లలో దాటేసింది. 1976లో ఇంకో జన్యువుతో ఐఆర్ 36 తేవాల్సి వచ్చింది. అందుకే ఇప్పుడు ఒక్కదాన్ని నమ్ముకోకుండా రెండు మూడు జన్యువులను ఒకే రకంలో కలుపుతున్నారు. దోమను తట్టుకునే జన్యువులున్న, కేరళలోని పట్టాంబి నుంచి వచ్చిన పీటీబీ 33 లాంటి పాత విత్తనాలకు అంత గిరాకీ అందుకే. ఉల్లికోడు అనే ఇంకో వరి పురుగుదీ ఇదే కథ. కాండాన్ని తొలిచే మొగి పురుగుకైతే గట్టిగా నిలబడే రకమే లేదు, అక్కడ విత్తనం మీద ఆశ పెట్టుకోవద్దు.

నా తీర్పు ఇది. దోమ ఏటా వచ్చే పల్లపు కయ్యల్లో, నీళ్లు తీయడానికి వీల్లేని చోట, వెయ్యి పది. మెరక మీద, నీటిని తీసి మళ్లీ పెట్టుకోగలిగిన చోట సాంబమసూరి వేసుకోవచ్చు. అదీ ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తీసి, యూరియా చేతికొచ్చినంత చల్లకుండా ఉంటేనే. మా వాళ్లు బాట తీయడమంటే నేల వృథా అంటారు. గాలి, వెలుతురు మొదలుదాకా వెళ్తే దోమకు నచ్చదని, మందు కూడా మొదటికి అందుతుందని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఈసారి ఆరెకరాల్లో నాలుగు వెయ్యి పదికి పోయాయి. మిగిలిన రెండూ మామవి. దుబ్బుకు 20, 25 దోమలు కనబడేదాకా మందు డబ్బా మూత తీయకూడదని ఆయన్ను ఒప్పించాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ‘ఇవాళ పదకొండు ఉన్నాయి’ అని లెక్క చెబుతున్నాడు.