కవర్ అప్ పద్ధతి: ఏళ్ల తరబడి వాడాక

పాక్షిక భిన్నాల లెక్కల్లో, అంటే సమాకలనం కోసం ఒక పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాల మొత్తంగా విడగొట్టే చోట, కవర్ అప్ పద్ధతి అంటే నాకు ప్రాణం. చిన్న భిన్నాల లవాలను ఏ, బీ అనుకుని, హారాలు ఎగరగొట్టి, గుణకాలు పోల్చి, సమీకరణాలు సాధించే పనంతా తప్పుతుంది. (3ఎక్స్ + 5) / ((ఎక్స్ − 1)(ఎక్స్ + 3)) ఉందనుకోండి. (ఎక్స్ − 1)ని వేలితో మూసి, మిగిలినదాంట్లో ఎక్స్ = 1 వేస్తే 8/4, అంటే 2. (ఎక్స్ + 3)ని మూసి −3 వేస్తే −4/−4, అంటే 1. అంటే భిన్నం 2/(ఎక్స్ − 1) + 1/(ఎక్స్ + 3)గా విడిపోయింది. ఇక సమాకలనం 2 లాగ్|ఎక్స్ − 1| + లాగ్|ఎక్స్ + 3| + సి. రెండు పంక్తుల్లో పని అయిపోయింది.

నన్ను అన్నిటికన్నా ఆనందపరిచింది మాత్రం వర్గ కారణాంకం దగ్గర. 5 / ((ఎక్స్ + 2)(ఎక్స్² + 1))లో (ఎక్స్ + 2)ని మూస్తే 5/5 = 1 వస్తుంది. అక్కడితో ఈ పద్ధతి పని సరి అనుకుని చాలామంది గుణకాల పోలికకు దిగుతారు. అక్కర్లేదు. (ఎక్స్² + 1)ని మూసి, ఎక్స్ స్థానంలో సంకీర్ణ సంఖ్య ఐ (ఐ² = −1) వేయండి. 5/(2 + ఐ) = 2 − ఐ. (ఎక్స్² + 1) మీద ఉండే లవం బీ·ఎక్స్ + సీ, కాబట్టి ఇది బీ·ఐ + సీకి సమానం, కనుక బీ = −1, సీ = 2. రెండు స్థిరాంకాలూ ఒక్క దెబ్బకే దొరికాయి! జవాబు లాగ్|ఎక్స్ + 2| − ½ లాగ్(ఎక్స్² + 1) + 2 టాన్ ఇన్వర్స్ ఎక్స్ + సి.

అయితే దీనికో పెద్ద లోపం ఉంది. తప్పు జరిగినా ఇది నోరు విప్పదు. ఎక్స్² / ((ఎక్స్ − 1)(ఎక్స్ + 1)) ఇచ్చి చూడండి. ½, −½ అని ఠక్కున చెప్పేస్తుంది. ఆ రెండూ సరైనవే కూడా. కానీ ½/(ఎక్స్ − 1) − ½/(ఎక్స్ + 1)లో ఎక్స్ = 0 వేస్తే −1 వస్తుంది, అసలు భిన్నమేమో 0. లవం పరిమాణం (ఎక్స్ గరిష్ఠ ఘాతం) హారం పరిమాణంతో సమానం కాబట్టి ముందు భాగహారం చేయాలి. అందులో వచ్చే భాగఫలం 1 ఇక్కడ ఎగిరిపోయింది. దాంతో జవాబులో ఒక 'ఎక్స్' పదమే మాయం. గుణకాలు పోల్చే పాత పద్ధతిలో అయితే ఎక్స్² గుణకం 1 = 0 అని వచ్చి వెంటనే పట్టుబడేది. అందుకే నెమ్మదైనా ఆ పద్ధతిని తీసిపారేయలేను.

పునరావృత కారణాంకం దగ్గర కూడా ఇది సగం పనే చేస్తుంది. (3ఎక్స్ + 1) / ((ఎక్స్ − 1)²(ఎక్స్ + 1))లో మొత్తం (ఎక్స్ − 1)²ని మూస్తే 4/2 = 2. అది పై ఘాతం ఉన్న పదానికే చెందుతుంది. (ఎక్స్ + 1)ని మూస్తే −2/4 = −½. 1/(ఎక్స్ − 1) గుణకం ఏ మాత్రం మూసి రాబట్టలేనిది. రెండువైపులా ఎక్స్‌తో గుణించి ఎక్స్‌ను అనంతానికి పంపితే ఏ − ½ = 0, కాబట్టి ఏ = ½. ఇక్కడే ఇంకో పొరపాటు ఎక్కువగా కనిపిస్తుంది: 2/(ఎక్స్ − 1)² సమాకలనం −2/(ఎక్స్ − 1). హారం కనబడగానే లాగ్ రాసేయకూడదు. అలాగే (2ఎక్స్ − 1) లాంటి కారణాంకం ఉంటే లాగ్ ముందు ½ రావాలి.

ఒకటి మాత్రం ముందే చూసుకోవాలి. (2ఎక్స్ + 3)/(ఎక్స్² + 3ఎక్స్ + 2)లో లవమే హారం అవకలజం. నేరుగా లాగ్|ఎక్స్² + 3ఎక్స్ + 2| + సి రాసేయొచ్చు, విడగొట్టడమే దండగ.

నా వాడకం ఎక్కువగా బహుళైచ్ఛిక ప్రశ్నలకూ, చేసిన లెక్క సరిచూసుకోవడానికీ. అక్కడ దీన్ని మించింది నాకు కనబడలేదు. ఇంటర్ బోర్డు పరీక్షలాగా మెట్టుమెట్టుకూ మార్కులుండే చోట అయితే ఏ, బీలతో సర్వసమీకరణం రాసి, అందులోనే (మొదటి లెక్కకైతే) ఎక్స్ = 1, ఎక్స్ = −3 వేయండి. లోపల జరిగేది ఇదే పని, దిద్దేవాళ్లకు మెట్లూ కనిపిస్తాయి. హారంలో ఒకే కారణాంకం మూడో ఘాతంలో ఉంటే మాత్రం నేను దీన్ని పక్కనపెట్టి, ఆ కారణాంకాన్ని వై అనుకుని వై ఘాతాల్లో భాగహారం చేస్తాను.