కొకనీ ఐస్ ఫిషింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు జాగ్రత్త: రిజిస్ట్రేషన్ అడగండి, టెంట్‌లో పెట్టే హీటర్ ఏదో అడగండి

కొలరాడోలో ఈ చలికాలం ఫ్యామిలీతో, ఫ్రెండ్స్‌తో కలిసి ఐస్ ఫిషింగ్‌కి (గడ్డకట్టిన నీటి మీద రంధ్రం వేసి చేపలు పట్టడానికి) వెళ్దామనుకుంటున్నవాళ్ళు అడ్వాన్స్ పంపే ముందు ఇది పూర్తిగా చదవండి. వాట్సాప్ గ్రూపుల్లో ఫార్వర్డ్ అయ్యే "కొకనీ సాల్మన్ ఫ్యామిలీ ప్యాకేజీ" లాంటి ప్రకటనలు చూసి బుక్ చేద్దామనుకునేవాళ్ళయితే మరీ ముఖ్యంగా. మేము అలాంటి ప్యాకేజీ మీదే బ్లూ మీసా రిజర్వాయర్‌కి వెళ్ళాం. చేపల సంగతి దేవుడెరుగు, మా అత్తయ్యనీ ఇద్దరు పిల్లల్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఇప్పుడు అందరూ క్షేమంగా ఉన్నారు. కానీ ఆ రోజు ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆ వ్యాపారి పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పేరు తెలియకపోయినా వీళ్ళ పద్ధతి తెలిస్తే చాలు, మీరు పసిగట్టేస్తారు.

అరోరాలో ఉండే మూడు కుటుంబాలం కలిసి ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కి ప్లాన్ చేశాం. ఇండియా నుంచి అత్తయ్య వచ్చి ఉన్నారు, పిల్లలకి సెలవు. ప్రకటనలో అన్నీ వాళ్ళే చూసుకుంటామన్నారు. కుటుంబానికొక టెంట్, హీటర్, గాలాలు, చేపలు కనిపెట్టే సోనార్, ఒడ్డు నుంచి స్నోమొబైల్ మీద తీసుకెళ్ళడం, మధ్యాహ్నం వేడి సూప్. "తలకి ఐదు చేపలు గ్యారంటీ" అని కూడా రాశారు. ఫోన్‌లో మాట్లాడినాయన మాటతీరు చాలా మర్యాదగా ఉంది. సగం డబ్బు ముందే జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) పంపమన్నాడు, మిగతా సగం ఆ రోజు కార్డు మీద.

ప్రకటనలో ఫొటోల గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే మోసం అక్కడే పట్టుబడుతుంది. ఐస్ మీద నిలబడిన మనిషి ఫొటో పక్కనే, చేతిలో పట్టుకున్న ఎర్రటి చేపలు, వీపు ఉబ్బి, దవడ కొక్కెంలా వంకర తిరిగి ఉన్నవి. కింద "గత వారం మా కస్టమర్లు పట్టినవి" అని. కొకనీ అంటే సముద్రానికి వెళ్ళకుండా మంచినీటి చెరువుల్లోనే బతికే సాకై సాల్మన్. అది ఏడాదిలో ఎక్కువ భాగం వెండిలా మెరుస్తూ ఉంటుంది. గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎదురెక్కే సమయంలో, అంటే ఆకులు రాలే కాలంలో, ఒళ్ళంతా ఎర్రబడి మగచేపకి దవడ వంకర తిరుగుతుంది. గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. ఫిబ్రవరిలో గడ్డకట్టిన నీటి కింద దొరికేవి ఇంకా ఈడుకి రాని తెల్ల చేపలు. చలికాలం వేట ప్రకటనలో ఎర్ర కొకనీ ఫొటో పెట్టి "గత వారం" అన్నాడంటే ఆ ఫొటో ఇంకెక్కడిదో అన్నమాట.

ఇక ఆ "గ్యారంటీ". కొకనీ నీటిలోని సన్నటి జీవులని తిని బతుకుతుంది, గుంపుగా తిరుగుతూనే ఉంటుంది. ఉదయం ఒక లోతులో ఉన్న గుంపు గంటలో ఇంకో లోతుకి పోతుంది, లేదా ఆ చోటే వదిలేస్తుంది. నోరు ఎంత మెత్తగా ఉంటుందంటే గాలం కొంచెం గట్టిగా లాగితే పెదవి చిరిగి జారిపోతుంది. పైగా బ్లూ మీసాలో పెద్ద లేక్ ట్రౌట్ చేపలు వీటిని తినేస్తుంటాయి. ఇన్ని ఉండగా తలకి ఇన్ని చేపలని మాట ఇచ్చేవాడికి చేపలు తెలియవనుకోవాలి, లేదా మనకి తెలియదని అనుకున్నాడనుకోవాలి. పని తెలిసిన గైడ్ ఎవరూ చేపల లెక్క చెప్పి డబ్బు అడగరు.

లైసెన్స్ విషయంలో కూడా చెప్పింది అబద్ధమే. "మా కంపెనీ లైసెన్స్ కింద మీరందరూ వచ్చేస్తారు, విడిగా కొనక్కర్లేదు" అన్నాడు. కొలరాడోలో 16 ఏళ్ళు, ఆ పైబడినవాళ్ళు ఎవరి ఫిషింగ్ లైసెన్స్ వాళ్ళే కొనుక్కోవాలి. ఆరు నెలలు వరసగా ఇక్కడ ఉంటే తప్ప రెసిడెంట్ లైసెన్స్ రాదు, కాబట్టి ఇండియా నుంచి చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు గాలం పట్టుకోవాలంటే నాన్ రెసిడెంట్ లైసెన్స్ తీసుకోవాలి. ఒక్క రోజుకి కూడా ఇస్తారు. మా స్నేహితుడికి అనుమానం వచ్చి ముందు రోజు రాత్రే అందరికీ ఆన్‌లైన్‌లో కొనేశాడు, లేకపోతే ఫైన్ పడేది మాకే, ఆ వ్యాపారికి కాదు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఇలాంటి కేసు ఒకటి మెడకి చుట్టుకుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

పొద్దున్నే రిజర్వాయర్‌లో ఐయోలా బేసిన్ అనే భాగం దగ్గర ఒడ్డుకి చేరేసరికి చలి మైనస్ ఇరవై దగ్గర ఉంది. ఫోన్‌లో మాట్లాడినాయన రాలేదు. ఒక కుర్రాడు వచ్చాడు, మూడు టెంట్లకి బదులు రెండే తెచ్చాడు. ఐస్ మందం ఎంత ఉందని అడిగితే "దూరంగా ట్రక్కులు నిలబడి ఉన్నాయి కదా, చూడండి" అన్నాడు. మా ముందు ఒక్క రంధ్రం వేసి కొలిచి చూపించలేదు. నడవడానికైతే స్వచ్ఛమైన గట్టి ఐస్ కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కి 5 నుంచి 7 అంగుళాలు ఉండాలని చెబుతారు. మంచు కలిసి తెల్లగా ఉన్న ఐస్ అయితే దానికి రెట్టింపు కావాలి. రిజర్వాయర్ కాబట్టి ఇంకో తిరకాసు ఉంది. చలికాలంలో డ్యామ్ నుంచి నీళ్ళు వదులుతుంటే మట్టం తగ్గి, ఒడ్డు పక్కన ఐస్ కిందికి కుంగి పగుళ్ళిస్తుంది. మధ్యలో గట్టిగా ఉన్నా ఒడ్డు దగ్గర కాలు దిగబడే చోట్లుంటాయి. మేము దిగిన చోట నా బూటు దూరేంత పగులు ఉంది. దాని మీదుగానే పిల్లల్ని స్లెడ్‌లో కూర్చోబెట్టి లాక్కెళ్ళాడు. ఐస్ లోపల్నుంచి అప్పుడప్పుడు ఢమ్మని పెద్ద శబ్దాలు వస్తాయి. చలికి ఐస్ వ్యాకోచించి, సంకోచించి చేసే చప్పుడది, మామూలే. పిల్లలు భయపడి ఏడుస్తుంటే అతను ఆ ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

అసలు ప్రమాదం టెంట్‌లో ఉంది.

లోపల పెట్టిన హీటర్ ఎలా ఉందంటే, ఇంట్లో బార్బిక్యూకి వాడే పెద్ద ప్రొపేన్ సిలిండర్, దాని తల మీద నేరుగా బిగించిన గుండ్రటి పళ్ళెం లాంటి బర్నర్, ముందు ఒక ఇనప జాలీ. అంతే. పక్కన అతికించిన లేబుల్ సగం కాలిపోయి ఉన్నా "ఆరుబయట మాత్రమే వాడాలి" అన్న మాట చదవడానికి వీలుగానే ఉంది. మా స్నేహితుడు చూపించి అడిగితే ఆ కుర్రాడు చెప్పిన జవాబు ఇది: "లోపల పెట్టే చిన్న హీటర్లు ఈ ఎత్తులో మాటిమాటికీ ఆరిపోతాయి సార్, అందుకే ఇది తెచ్చా."

ఆ జవాబులో సగం నిజం ఉంది. టెంట్లలో వాడేందుకు చేసిన హీటర్లలో గాలిలో ఆక్సిజన్ తగ్గితే తనంతట తానే మంట ఆపేసే సెన్సార్ ఉంటుంది. 7,000 అడుగులు దాటితే గాలి పలచబడి అవి ఆగిపోవచ్చని హీటర్‌తో వచ్చే పుస్తకంలోనే రాసి ఉంటుంది. బ్లూ మీసా నిండుగా ఉన్నప్పుడు నీటి మట్టం 7,519 అడుగులు. కాబట్టి అక్కడ అవి సతాయిస్తాయి. అలాగని ఏ సెన్సారూ లేని హీటర్‌ని టెంట్‌లో పెట్టడం పరిష్కారం కాదు కదా. చలి రాకూడదని పైన ఉన్న గాలి కిటికీలు మూసేశాడు, టెంట్ అంచుల చుట్టూ మంచు పారతో కప్పేశాడు. లోపల వెచ్చగా, హాయిగా ఉందని పెద్దావిడనీ పిల్లల్నీ అందులో కూర్చోబెట్టాం. మగవాళ్ళం ఎక్కువగా బయట రంధ్రాల దగ్గరే ఉన్నాం.

కొంతసేపటికి అత్తయ్య తలనొప్పి అన్నారు. "మొన్న కొండ మీదకి వెళ్ళినప్పుడూ ఇలాగే అయింది బాబూ, ఎత్తు పడట్లేదు, సర్దుకుంటుందిలే" అన్నారు. ముందు రోజే 11,312 అడుగుల మొనార్క్ పాస్ దాటి వచ్చాం, కాబట్టి ఆ మాట అందరికీ సబబుగానే అనిపించింది. చిన్నవాడు వాంతి చేసుకున్నాడు. కారులో తిన్నది పడలేదనుకున్నారు. కోవిడ్ రోజుల నుంచి బ్యాగులో ఉండే ఆక్సీమీటర్ అత్తయ్య వేలికి పెడితే 96 చూపించింది. హమ్మయ్య అనుకున్నారు.

అప్పుడే మా స్నేహితుడి భార్య రెండో టెంట్ నుంచి వచ్చింది. ఆవిడ నర్సు. పాపకి కూడా తల తిరుగుతోందని వినగానే ఇంకో మాట లేకుండా టెంట్ జిప్పు పూర్తిగా లాగేసి, అందరినీ బయటకి తెచ్చి, హీటర్ ఆర్పించింది. "ఎత్తు ఒకేసారి ముగ్గురికీ ఇలా చెయ్యదు. ఆక్సీమీటర్ని నమ్మకండి, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే చూపిస్తుంది" అంది. దగ్గర్లోని గన్నిసన్ ఊళ్ళో ఆసుపత్రికి వెళ్తే రక్త పరీక్షలో అదే తేలింది. ముగ్గురికీ మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు, సాయంత్రానికి తేరుకున్నారు.

ఈ ఒక్క విషయం మాత్రం దయచేసి మీ ఇంట్లో అందరికీ చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం, ఇవన్నీ ఎత్తు ప్రదేశాల్లో మామూలుగా వచ్చేవాటిలాగే ఉంటాయి, అందుకే కొండల్లో దీన్ని గుర్తించడం కష్టం. ఒకే టెంట్‌లో ఉన్నవాళ్ళకి ఇంచుమించు ఒకేసారి మొదలైతే, బయట గాలికి కాస్త తెరిపిన పడితే, ముందు హీటర్‌నే అనుమానించండి. తెరిపిన పడ్డారని మళ్ళీ లోపలికి పంపకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. స్పృహ తప్పితే 911. బ్యాటరీతో పనిచేసే చిన్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి మీరే కొని తీసుకెళ్ళి టెంట్‌లో తల ఎత్తున వేలాడదీయండి. కొన్ని అలారాలు గడ్డకట్టే చలిలో సరిగ్గా పనిచేయవు, ఎంత చలి వరకు పనిచేస్తుందో డబ్బా మీద చూసి మరీ కొనండి. హీటర్ వెలుగుతున్నంతసేపూ పైన ఒక కిటికీ, కింద ఒక సందు తెరిచే ఉంచాలి. కొంచెం చలేస్తుంది, వెయ్యనివ్వండి.

డబ్బు సంగతి. తిరిగి ఇవ్వమంటే "వాతావరణం మా చేతిలో ఉండదు, రిఫండ్ లేదు" అని మెసేజ్ పెట్టాడు. ఆ రోజు ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. జెల్‌లో మనంతట మనం పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం, అది నగదు చేతిలో పెట్టినట్టే. క్రెడిట్ కార్డు మీద కట్టిన రెండో సగం మాత్రం బ్యాంకులో డిస్‌ప్యూట్ వేస్తే వచ్చింది. స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా వెయ్యాలి, ఆలస్యం చేయకండి. అడ్వాన్స్‌కి కార్డు తీసుకోనంటే అక్కడితో మాట ఆపేయడమే మంచిది.

కొలరాడోలో డబ్బు తీసుకుని జనాన్ని చేపల వేటకి తీసుకెళ్ళేవాళ్ళు రాష్ట్రం దగ్గర ఔట్‌ఫిట్టర్‌గా రిజిస్టర్ అవ్వాలి, ఇన్సూరెన్స్, బాండ్ ఉండాలి, రాతపూర్వక ఒప్పందం ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ ఉందో లేదో రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ డోరా వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. మాకు అమ్మినాయన పేరు అక్కడ లేదు. బ్లూ మీసా నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్న క్యూరకాంటి నేషనల్ రిక్రియేషన్ ఏరియాలో భాగం, అక్కడ వ్యాపారం చేయడానికి పార్క్ పర్మిట్ విడిగా కావాలి. ఫోన్‌లో ఈ రెండింటి నంబర్లు అడగండి. హీటర్ ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. ఐస్‌ని మా ముందే కొలిచి చూపిస్తారా అని అడగండి. ఈ పని నిజాయితీగా చేసుకునే గైడ్లు చాలామంది ఉన్నారు. తర్వాత నేను ఫోన్ చేసిన ఒకాయన నేను అడగకముందే హీటర్ గురించీ అలారం గురించీ తనే చెప్పాడు, చేపలు పడతాయో లేదో చెప్పలేనన్నాడు.

మేము రాష్ట్ర ఔట్‌ఫిట్టర్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం, పార్క్ వాళ్ళకి కూడా తెలియజేశాం. మీలో ఎవరైనా ఎర్ర చేపల ఫొటోలున్న ఇలాంటి ప్రకటనకి డబ్బు పంపి ఉంటే మీరూ ఫిర్యాదు ఇవ్వండి. ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు పంపిన రసీదు, చాట్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, మమ్మల్ని మొదట అడిగినవి అవే.