మూడు గంటల నుంచి: సిన్సా, ఫరా?

కావలి బస్టాండు నుంచి మా తమ్ముడు ఫోను చేసి, "మూడు గంటల నుంచి ఇక్కడే నిలబడి ఉన్నాను" అన్నాడు. మూడింటికి వచ్చాడా, వచ్చి మూడు గంటలైందా? మన ‘నుంచి’ రెండర్థాలనూ మోస్తుంది. ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు: మొదటిదైతే ‘సిన్స్’, రెండోదైతే ‘ఫర్’.

‘సిన్స్’ అడిగేది పని మొదలైన సమయాన్ని. ఒంగోలు 1970 నుంచి జిల్లా కేంద్రం, అక్కడ సిన్స్. ‘ఫర్’కు కావలసింది కాలం కొలత. ప్రకాశం అన్న పేరు 1972లో వచ్చింది. అంతకుముందు రెండేళ్ల పాటు అది ఒంగోలు జిల్లా. ఇక్కడ ఫర్.

అనుమానం వస్తే నేను ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూస్తాను. ‘రెండేళ్లుగా’ కుదిరింది, కాబట్టి ఫర్. ‘సోమవారంగా’ అంటే ఎవరైనా నవ్వుతారు, కాబట్టి సిన్స్. ఉద్యోగ దరఖాస్తుల్లో సైతం కనిపించే ‘సిన్స్ టూ ఇయర్స్’ ఈ పరీక్షకు నిలవదు. రాసినవారిని తప్పుపట్టలేను, తెలుగులో ఆలోచిస్తే అదే సహజం మరి.

ఇంతకీ తమ్ముడిది ‘ఫర్’. అప్పటికే ఒంగోలు బస్సులు నాలుగు కిక్కిరిసి వెళ్లిపోయాయట.